పీటర్ పార్కర్ బాడుగ బాకీ

స్పైడర్‌మ్యాన్ సినిమాల్లో ఏ భాగం గొప్పది అన్న తగువులో నేను అడిగేది ఒకటే: ఇందులో పీటర్ పార్కర్ ఇంటి బాడుగ కట్టగలిగాడా, లేదా? కట్టలేకపోతే సినిమా బాగుంటుంది. సులువుగా కట్టేస్తే సగం పోయినట్టే. అసలు బాడుగ ఊసే రాకపోతే, చూసి ఇంటికొచ్చి అన్నం తినేలోపు మర్చిపోతాం.

మా మేనల్లుడికి ఈ మాట వింటేనే నవ్వు. వాడు ఇక్కడే అనంతపురంలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. వాడి లెక్కలో 2019లో వచ్చిన 'ఫార్ ఫ్రమ్ హోమ్' పైన ఉంటుంది, 2004 నాటి 'స్పైడర్‌మ్యాన్ 2' ఎక్కడో అడుగున. "పాత గ్రాఫిక్స్ మామా" అంటాడు. పండక్కి కలిస్తే మా ఇద్దరికీ ఇదే పని. మొన్న ఉగాదికి ఓళిగలు తింటూ మొదలుపెడితే, మా అక్క వచ్చి "మీకు వేరే మాటలే లేవా" అని ప్లేట్లు లాక్కుపోయేదాకా సాగింది. ఆ గోలలో చెప్పలేకపోయినదంతా ఇక్కడ తీరిగ్గా చెబుతున్నా.

బాడుగ సంగతి నేను కల్పించి తెచ్చింది కాదు, ఆ పాత్ర పుట్టుకలోనే ఉంది. స్టాన్ లీ, స్టీవ్ డిట్కో కలిసి 1962లో 'అమేజింగ్ ఫాంటసీ' అనే కామిక్ పత్రిక 15వ సంచికలో ఈ కుర్రాణ్ని పుట్టించారు. మరుసటి ఏడాది వాడి పేరుతోనే పత్రిక మొదలైంది. ఆ మొదటి సంచిక తెరిస్తే ఇంట్లో డబ్బుల్లేవు. పీటర్‌ను పెంచిన బెన్ అంకుల్ పోయాడు, బాడుగ బాకీ పడింది, మే ఆంటీ నగలు కుదవ పెడుతోంది. పీటర్ స్పైడర్‌మ్యాన్ వేషంలో ఒక ప్రదర్శన ఇచ్చి చెక్కు సంపాదిస్తాడు. చెక్కేమో స్పైడర్‌మ్యాన్ పేరు మీద ఉంది. బ్యాంకులో గుమాస్తా గుర్తింపు కార్డు చూపించమంటాడు. కేవైసీ లేదు కాబట్టి డబ్బు లేదు! తర్వాత వాడు ఫెంటాస్టిక్ ఫోర్ అనే సూపర్‌హీరోల జట్టు దగ్గరికి పోయి చేర్చుకోమంటాడు. లోకాన్ని ఉద్ధరిద్దామని కాదు, జీతం బాగా ఇస్తారేమోనని. వాళ్ల దగ్గర జీతాలే లేవు.

మా జిల్లాలో పెరిగినవాడికి ఈ కథ ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. చెనిక్కాయ విత్తనానికి కమ్మలు బ్యాంకులో పెట్టడం, వాన పడి పంటొస్తే విడిపించడం, రాకపోతే వడ్డీ మాత్రం కట్టి రెన్యువల్ చేయించుకుని రావడం, ఇవన్నీ ఇళ్లల్లో మామూలు మాటలు. చదువుకోసం పల్లె నుంచి వచ్చి టౌన్‌లో రూమ్ తీసుకున్న పిల్లలందరికీ, ఒకటో తారీకు దాటాక ఓనర్ కంటబడకుండా మెట్లు దిగడం ఎట్లాగో తెలుసు. మన తెలుగు హీరోకే అది తెలీదు. ఇంటర్వెల్ దాకా నిరుద్యోగి, పాటకో కొత్త చొక్కా.

2002లో శామ్ రైమీ తీసిన మొదటి సినిమా ఈ మూలాన్ని బాగానే పట్టుకుంది. తాను ప్రేమించే మేరీ జేన్ ముందు తిప్పడానికి ఒక కారు కొనాలని పీటర్ కుస్తీ పోటీకి పోతాడు. 3,000 డాలర్లని ప్రకటన. గెలిచాక చేతిలో పెట్టింది 100. ఆ మంటలోనే, అదే నిర్వాహకుణ్ని దోచుకుని పారిపోతున్న దొంగకు దారి ఇస్తాడు, ఆ దొంగ చేతిలో బెన్ అంకుల్ చనిపోతాడు. శక్తి పెరిగితే బాధ్యతా పెరుగుతుందన్న మాట అందరికీ గుర్తుంది కానీ, దానికి ముందు ఒక ఎగ్గొట్టిన కూలి ఉందని ఎవరూ అనరు. అయినా మొదటి భాగం ఎక్కువగా పుట్టుక కథే. కథ చెప్పుకోవడానికి సరిపోయింది.

రెండోది మొదలవడమే పిజ్జా డెలివరీతో. 29 నిమిషాల్లో అందిస్తామని మాటిచ్చే అంగడి. పీటర్ మోపెడ్ మీద బయల్దేరి ట్రాఫిక్‌లో ఇరుక్కుంటాడు, సందులోకి పోయి డ్రెస్ మార్చి డబ్బాలతో సహా గాల్లో ఎగురుతాడు, మధ్యలో బంతి వెంట రోడ్డు మీదికొచ్చిన పిల్లల్ని లారీ కింద పడకుండా తప్పిస్తాడు. ఆలస్యమైంది. ఉద్యోగం పోయింది. ఆ అంగడి యజమానిగా వేసింది ముంబైలో పుట్టిన ఆసిఫ్ మాండ్వీ. ఆయన దుర్మార్గుడేమీ కాదు, ఆయన వ్యాపారమూ నడవాలి కదా. ఇట్లా మొదటి కొన్ని నిమిషాల్లోనే సినిమా తన లెక్క బయటపెట్టేస్తుంది: ఇంకొకరి ప్రాణం నిలబెడితే తన కూలి పోతుంది. అక్కణ్నుంచి చివరిదాకా ఆ లెక్క ఒక్కసారి కూడా తప్పదు.

పత్రికాఫీసులో ఫొటో అమ్ముతాడు, వచ్చిన చెక్కు అంతకుముందు తీసుకున్న అడ్వాన్సుకే చాలదు. గదికొస్తే ఇంటి ఓనర్ డిట్కోవిచ్ కాచుకుని ఉంటాడు. పీటర్ లోపలికి అడుగుపెట్టడం ఆలస్యం, బాడుగ అడుగుతాడు. ఎరుపు, నీలం డ్రెస్‌ను తెల్లబట్టలతో కలిపి వాషింగ్ మెషీన్లో వేస్తే రంగు దిగి అన్నిటికీ అంటుకుంటుంది. సూపర్‌హీరో బట్టలు ఎవరు ఉతుకుతారు అన్న ప్రశ్న వేసుకున్న సినిమాలు ఎన్ని ఉన్నాయి చెప్పండి?

అన్నిటికన్నా నన్ను కదిలించేది పుట్టినరోజు సీను. మే ఆంటీ ఇల్లు అప్పు కింద పోయే దశలో ఉంది. అయినా 20 డాలర్లు తీసి వాడి చేతిలో పెడుతుంది. వాడు వద్దంటాడు. ఆమెకు ఒక్కసారిగా కోపమొచ్చి అరుస్తుంది, వెంటనే ఏడుస్తుంది. ఇచ్చింది కొంచెమే అన్న సిగ్గు, ఆ కొంచెం కూడా తీసుకోకపోతే వచ్చే అవమానం, రెండూ రోజ్‌మేరీ హారిస్ గొంతులో ఉంటాయి. మా జేజి బొడ్లో సంచి విప్పి, చెమటకు మెత్తబడిన నోటు తీసి ఇచ్చేటప్పుడు మా నాయన "ఎందుకులేమ్మా" అంటే ఆమె ముఖం అట్లాగే మారేది. ఈ సీనులో గ్రాఫిక్స్ లేవు, పాతబడటానికి.

తర్వాత ఇద్దరూ బ్యాంకుకు పోతారు. లోను రాదు. రాదని తేలాక కూడా, ఖాతా తెరిచినవాళ్లకు ఇచ్చే టోస్టర్ ఇస్తారా అని మే ఆంటీ అడుగుతుంది. ఆ నవ్వు ఆరకముందే డాక్టర్ ఆక్టోపస్ అదే బ్యాంకును దోచుకోవడానికి వస్తాడు. ఎందుకు? ఆగిపోయిన ప్రయోగానికి డబ్బు కావాలి. హీరోకూ డబ్బే లేదు, విలన్‌కూ డబ్బే లేదు, ఇద్దరూ ఒకే కౌంటర్ దగ్గర కలుసుకున్నారు. ఒకడు అడిగి లేదనిపించుకున్నాడు, ఇంకొకడు గోడ పగలగొట్టాడు. ఆల్ఫ్రెడ్ మొలీనా వేసిన ఆ పాత్ర మొదట్లో పీటర్‌ను ఇంటికి పిలిచి, భార్యతో కలిసి భోజనం పెట్టి మాట్లాడిన మనిషి. అందుకే వాళ్లిద్దరూ కొట్టుకుంటుంటే మనకు ఎవరో గెలవాలని కాదు, ఈ గొడవ ఆగిపోతే బాగుండునని ఉంటుంది.

కొట్టుకోవడం, ఆపడం అంటే రైలు సీను చెప్పాలి గానీ, దాని గురించి ఇప్పటికే అందరూ రాసేశారు. నాకు దానికన్నా కేకు సీను ఇష్టం. ఓనర్ కూతురు అర్సులా, బక్కపలచని పిల్ల, తలుపు కొట్టి చాక్లెట్ కేకు ముక్క, గ్లాసు పాలు తింటావా అని అడుగుతుంది. వాడు తింటాడు. అంతే. కథకు దానివల్ల ఒక్క అడుగు కూడా పడదు. సుమారు 20 కోట్ల డాలర్లు పెట్టి తీసిన సినిమా, ఒక కుర్రాడు కేకు తినేదాకా ఆగింది. స్క్రీన్‌ప్లే రాసిన ఆల్విన్ సార్జెంట్‌కు అప్పటికి డెబ్బై దాటాయి. మనుషుల బాధల కథలతో రెండు ఆస్కార్లు తీసుకున్న మనిషి. ఆ చెయ్యి ఇట్లాంటి చోట తెలుస్తుంది.

మధ్యలో పీటర్‌కు శక్తులు పోతాయి. ఎందుకు పోయాయో సైన్సు కారణం చెప్పరు, చెప్పకపోవడమే మంచిదైంది. వాడు అలిసిపోయాడు, అంతే. 1967లో 50వ సంచికలో గీసినట్టే డ్రెస్ చెత్తకుండీలో పడేస్తాడు. ఆ తర్వాత కాలేజీలో మెచ్చుకోళ్లు, సరైన టైముకు నాటకానికి పోవడం, కడుపునిండా తినడం. చూస్తున్న మనకే "ఇట్లాగే ఉండిపోరా నాయనా" అనిపిస్తుంది. ఒక సూపర్‌హీరో సినిమా తన హీరోని హీరోగా ఉండొద్దని మనచేతే అనిపించిందంటే, ఆ తర్వాత వాడు డ్రెస్ మళ్లీ వేసుకోవడానికి ఎంత పోగొట్టుకుంటున్నాడో మనకు పూర్తిగా తెలిసే వేసుకుంటున్నాడని అర్థం.

ఇక్కడ మేనల్లుడు అడ్డం వచ్చాడు. "హీరో బీదోడైతే సినిమా మంచిదైపోతుందా మామా? అట్లయితే మన పాత బ్లాక్ అండ్ వైట్ సినిమాలన్నిటికీ ఆస్కార్ ఇయ్యాల." మంచి ప్రశ్నే. బీదరికం చూపిస్తే చాలదు, నిజమే. బీదరికాన్ని కన్నీళ్ల కోసం వాడుకుని, ఆఖర్లో హీరో జమీందారు కొడుకని తేల్చిన సినిమాలు మనకు కొదవలేదు. స్పైడర్‌మ్యాన్ విషయంలో డబ్బు చేసే పని వేరు. అది టైముకు రేటు కడుతుంది. వాడు గోడలెక్కే ప్రతి గంటా ఎక్కడో ఒక గంట కూలి, ఒక క్లాసు, ఒక మాట తప్పినట్టు. బాడుగ తీసేయండి, ఆ గంటలు ఉచితమైపోతాయి. ఉచితంగా చేసే త్యాగం చూసి ఎవడికి బాధ కలుగుతుంది?

2007లో వచ్చిన మూడో భాగం దీనికి నిరూపణ. మన దేశంలో ఇంగ్లీషుతో పాటు హిందీ, తమిళం, తెలుగు, భోజ్‌పురిలో కూడా దించారు. ఆ సినిమాలో పీటర్ ఉండేది అదే గదిలోనే, తలుపు కూడా సరిగ్గా పడదు. కానీ వాడికిప్పుడు అది బాధగా లేదు. ఊరంతా చప్పట్లు కొడుతోంది, సన్మానం, ఊరేగింపు. నల్ల డ్రెస్ తగిలాక జుట్టు ముందుకు దువ్వి వీధిలో డాన్సు. ఆ డాన్సును అందరూ ఎగతాళి చేస్తారు, నేను చెయ్యను. తలకెక్కిన కుర్రాడు అట్లాగే ఉంటాడు. తప్పు ఇంకోచోట జరిగింది.

డబ్బు కష్టం ఈసారి పీటర్‌ను వదిలి ఫ్లింట్ మార్కో దగ్గరికి పోయింది. కూతురికి జబ్బు, వైద్యానికి డబ్బుల్లేవు, అందుకే దొంగ అయ్యాడు. ఇసుక మనిషిగా మారాక మొదటిసారి లేచి నిలబడే సీను చూడండి. ఒక్క మాట లేదు. ఇసుక రేణువులు కూడి చెయ్యి అవుతాయి, ఆ చెయ్యి కూతురి లాకెట్ అందుకోబోయి రాలిపోతుంది, మళ్లీ కూడుతుంది. మూడు సినిమాల్లోనూ ఇంతకన్నా మంచి గ్రాఫిక్స్ పని లేదని నా అభిప్రాయం. అట్లాంటి తండ్రిని పెట్టుకుని సినిమా వాణ్ని గంటసేపు పక్కన పడేసింది. స్నేహితుడు హ్యారీకి ఒక కథ, ఇంకో విలన్ వెనమ్‌కు ఒక కథ, గ్వెన్ అనే అమ్మాయికి ఒక కథ ఇరికించాలి మరి. వెనమ్ ఉండాలని పట్టుబట్టింది నిర్మాతల్లో ఒకరైన అవి అరాద్. రైమీకి ఆ పాత్ర మీద మనసు లేదు, సినిమా సరిగ్గా రాలేదని తర్వాత తానే బయట చెప్పాడు. విలన్లు ముగ్గురు కావడం వల్ల చెడిపోయిందని చాలామంది అంటారు. నాకు లెక్క సరే, ఇసుక మనిషికి ఇవ్వాల్సిన సమయం మిగతావాళ్లకు పంచేశారు, అదీ బాధ.

వసూళ్లు చూస్తే ఇంకా విచిత్రం. మొదటిది ప్రపంచమంతా కలిపి సుమారు 82 కోట్ల డాలర్లు, మూడోది 89 కోట్ల దాకా. మధ్యలో ఉన్న గొప్పది సుమారు 79 కోట్లు. మూడింట్లో అన్నిటికన్నా తక్కువ తెచ్చింది అదే. గ్రాఫిక్స్ పాతవి అని మావాడు తీసిపారేసిన ఆ సినిమాకే విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చిందని కూడా ఇక్కడే చెప్పేసుకుంటా.

నాలుగోది 2011 మేకి సిద్ధం చెయ్యలేనని రైమీ తప్పుకున్నాక 2012, 2014లో మార్క్ వెబ్ తీసిన రెండు 'అమేజింగ్'లు వచ్చాయి. మొదటిదాంట్లో మన ఇర్ఫాన్ ఖాన్‌ను చూసి సంతోషపడ్డాం, ఆయనకు తగిన పని ఇవ్వలేదని కోప్పడ్డాం. పీటర్‌గా ఆండ్రూ గార్‌ఫీల్డ్, వాడి ప్రియురాలు గ్వెన్‌గా ఎమ్మా స్టోన్, వీళ్ల మధ్య మాటలు ఇప్పటికీ తాజాగా ఉంటాయి. గ్వెన్ పడిపోయే సీనుకు 1973 కామిక్ ఎంత బరువు పెట్టిందో సినిమా అంత బరువూ మోసింది. కానీ రెండోదానిలో మిగతాదంతా రాబోయే సినిమాలకు కరపత్రం. అది విడుదల కాకముందే, 2013 డిసెంబరులోనే, వెనమ్ సినిమా, ఆరుగురు విలన్ల సినిమా వస్తాయని సోనీ ప్రకటించేసింది. అందుకే ఒక విలన్ పుడుతూ ఉంటాడు, ఇంకొకడు ఆఖర్లో తొంగిచూస్తాడు. మే ఆంటీ నర్సు ట్రైనింగుకు పోతూ డ్యూటీలు చేస్తోందన్న ముక్క ఒకటి ఉంది. దాన్ని పట్టుకుని ఉంటే వేరే సినిమా అయ్యేది.

పీటర్‌గా టామ్ హాలండ్ వచ్చాక నా కొలతకు అసలు పరీక్ష మొదలైంది. ఈ పీటర్‌కు టోనీ స్టార్క్ అనే కోటీశ్వరుడు అండ. డ్రెస్ ఆయనే ఇస్తాడు. పాత పీటర్ ఒక చొక్కా పాడైనా ఏడ్చేవాడు, ఈ పీటర్ బడికి తీసుకుపోయే బ్యాగులు వరసగా పోగొట్టుకుంటుంటే అదొక జోకు. అయినా 2017 నాటి 'హోమ్‌కమింగ్' నాకు నచ్చింది. బాడుగ కష్టం విలన్ దగ్గర ఉంది కాబట్టి. మైకేల్ కీటన్ వేసిన టూమ్స్ ఒక కాంట్రాక్టరు. న్యూయార్క్‌లో సూపర్‌హీరోల యుద్ధం తర్వాత శిథిలాలు ఎత్తే పని అతనికి వచ్చింది, దానికోసం లారీలు కొన్నాడు, మనుషుల్ని పెట్టుకున్నాడు. పొద్దున్నే స్టార్క్ మనుషులు, ప్రభుత్వం కలిసి వచ్చి ఇక మేం చూసుకుంటాం పొమ్మంటారు. టెండర్ చేతికొచ్చి, అప్పు చేసి యంత్రాలు దించాక పని వేరేవాళ్ల పేరు మీదికి పోతే మనిషి ఏమవుతాడో మా వైపు చాలామంది చెప్పగలరు. కారులో కూతురి ముందు పీటర్‌ను గుర్తుపట్టి, ట్రాఫిక్ లైటు రంగు మారేలోపు అతని చూపు మారే సీను ఈ మొత్తం వరసలో రెండోదానితో పోటీపడగలిగిన ఒకే ఒక్క సీను.

ఇక మావాడి ముద్దుల 'ఫార్ ఫ్రమ్ హోమ్'. వెనిస్, ప్రాగ్, బెర్లిన్, లండన్. బడి విహారయాత్ర. డ్రెస్ కావాలంటే విమానంలోనే ముద్రించుకుంటాడు, స్టార్క్ వదిలిపోయిన కళ్లద్దాలు పెట్టుకుంటే ఆకాశంలోని డ్రోన్లు వాడి మాట వింటాయి. విలన్ మిస్టీరియో చూపించే భ్రమల సీను నిజంగా బాగుంది, అది నేను మావాడికి ఒప్పుకున్నా. కానీ పీటర్ బాధ ఏమిటి? ఆ కళ్లద్దాలకు తాను తగినవాణ్నా అని. వారసత్వంగా వచ్చిన ఆస్తికి నేను అర్హుణ్నా అని దిగులుపడే కుర్రాణ్ని చూసి నేను ఏడవలేను. విలన్ కూడా స్టార్క్ దగ్గర పనిచేసి అన్యాయమైపోయానన్నవాడే, 'హోమ్‌కమింగ్' మాటే మళ్లీ చెప్పారు, ఈసారి లారీల బరువు లేకుండా. వంద కోట్ల డాలర్లు దాటిన మొదటి స్పైడర్‌మ్యాన్ సినిమా ఇదే కావడం నా వాదనకు ఏమీ కలిసిరాదు, ఏం చేద్దాం.

2021 డిసెంబరు 16న 'నో వే హోమ్' వచ్చింది. అమెరికా కన్నా ఒక రోజు ముందే మనకు. రైమీ, వెబ్ సినిమాల పాత పీటర్లు ఇద్దరూ తెర మీదికొచ్చినప్పుడు హాల్లో ఈలలు, కాగితాలు. ఆ గోలలో నేనూ ఉన్నా. మళ్లీ చూస్తే ఆ మధ్యభాగం చాలావరకు పాత పరిచయాల పలకరింపులే, కథ అంతంత మాత్రం. కానీ ఆఖరి కొన్ని నిమిషాలు! లోకం మొత్తం వాణ్ని మర్చిపోయింది. స్టార్క్ లేడు, మే ఆంటీ లేదు. ఒక చిన్న గది బాడుగకు తీసుకుంటాడు. అట్టపెట్టెలు, పరీక్షకు చదువుకునే పుస్తకం, కుట్టుమిషను. డ్రెస్ తానే కుట్టుకుంటాడు. అంత పెద్ద తారాగణంతో, రెండు వేరే లోకాల విలన్లతో ఆ సినిమా పడ్డ ప్రయాస అంతా చివరికి వాణ్ని 2004 నాటి గదికి చేర్చడానికే అన్నట్టు ఉంటుంది. తీసినవాళ్లకు కూడా వాడి అసలు చోటు తెలుసన్నమాట.

ఈ కొలతను అన్ని సూపర్‌హీరోలకూ వాడమని నేననను. బ్యాట్‌మ్యాన్ దగ్గర అది చెల్లదు. క్రిస్టఫర్ నోలన్ తీసిన మూడింట్లో 2008 నాటి రెండోదానిలో బ్రూస్ వేన్, అంటే బ్యాట్‌మ్యాన్, డబ్బుకు లెక్కే లేదు, అయినా ఆ మూడింట్లో అదే మేటి. 2012 నాటి మూడోదాంట్లో స్టాక్ ఎక్స్చేంజి మోసంలో ఆస్తంతా పోయి దివాలా తీస్తాడు, ఇల్లు మాత్రం మిగులుతుంది. దానివల్ల సినిమాకు ఒరిగిందేమీ లేదు. అతని కష్టం భయానిది, డబ్బుది కాదు. డబ్బు పోయినా అతని రోజు మారదు. 1987లో వచ్చిన నాలుగో సూపర్‌మ్యాన్‌కైతే డబ్బు కొరత నిర్మాతలదే. బడ్జెట్ సగానికి కోసి, ఇంగ్లండ్‌లోని మిల్టన్ కీన్స్‌ను అమెరికా మహానగరమని చూపించారు. ఆ బీదతనం తెర మీద కనిపించినంతగా ఇంకెక్కడా కనిపించదు.

తర్వాతది 'బ్రాండ్ న్యూ డే', 2026 జులై 31కి అని ప్రకటించారు, దర్శకుడు డెస్టిన్ డేనియల్ క్రెటన్. అందులో ఎవరెవరు వస్తారు, విలన్లు ఎంతమంది అని మావాడు రోజూ మెసేజీలు పెడుతుంటాడు. నాకు ఆ వివరాలు పట్టవు. పేరు తెలిసినవాడు ఒక్కడూ లేని కుర్రాడికి ఆ గది ఎవరిచ్చారు, అడ్వాన్సు ఎక్కణ్నుంచి తెచ్చాడు, నెలనెలా ఏం పని చేసి కడుతున్నాడు, ఏ రాత్రి ఆ పని పోగొట్టుకున్నాడు, ఇవి చూపిస్తే చాలు. మొదటి రోజు టికెట్ నేనే కొంటా. మావాడిది కూడా.